జేబులోని బిడారం
(నమాజ్ వేళ సెల్‌ఫోన్ మర్యాద – జుమా ప్రసంగ పాఠం, తాటిపాక)

మనల్ని పుట్టించి, పోషించి, ఈ శుక్రవారం నాడు తన గృహంలో ఒక్కచోట చేర్చిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ తన శాంతిశుభాలను వర్షింపజేయుగాక! అమ్మాబాద్.



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం చూడటానికి చాలా చిన్నది. నమాజ్‌కు నిలబడే ముందు సెల్‌ఫోన్ మోగకుండా చేసుకోవడం. ఇంతే. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఒంటికి శ్రమ లేదు, పట్టే సమయం రెండు మూడు క్షణాలు. అయినా దీనిని జుమా ప్రసంగానికి ఎంచుకోవడానికి కారణం ఉంది. మన మస్జిద్‌ల గోడలపై ఫోన్లు ఆపివేయండి అన్న కాగితం అతికించి ఉంటుంది. ఇమామ్ సాహెబ్ సఫ్‌లు సరిచేసుకోమని చెప్పే ముందు ప్రతిసారీ ఆ మాట గుర్తుచేస్తారు. అయినా ఏదో ఒక రకాతులో, ఎవరో ఒకరి జేబులో అది మోగుతూనే ఉంటుంది. చెప్పినా జరగనిది కేవలం మరపు కాదు. దాని వెనుక మన మనసుకు సంబంధించిన సంగతి ఏదో ఉంది. ఆ సంగతిని అల్లాహ్ గ్రంథం వెలుగులో, దైవప్రవక్త (స) ఆచరణ వెలుగులో పరిశీలిద్దాం.

దివ్యఖుర్ఆన్‌లో 62వ సూరా పేరే సూరతుల్ జుముఅహ్. అందులో 11 ఆయతులు ఉన్నాయి. చివరి మూడు ఆయతులు శుక్రవారపు నమాజ్ గురించినవి. జుమా నమాజ్ కోసం అజాన్ పిలుపు వినబడగానే క్రయవిక్రయాలు విడిచిపెట్టి అల్లాహ్ స్మరణ వైపు త్వరపడాలని తొమ్మిదో ఆయతు ఆదేశిస్తుంది. నమాజ్ ముగిశాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించుకోవచ్చని పదో ఆయతు అనుమతిస్తుంది. పదకొండో ఆయతు ఒక సంఘటనను ప్రస్తావిస్తుంది. వర్తకమో వినోదమో కంటబడగానే కొందరు ప్రవక్త (స)ను నిలబడి ఉండగానే వదిలి దానివైపు పరుగెత్తారని, అల్లాహ్ వద్ద ఉన్నది ఆ వర్తకం కన్నా, ఆ వినోదం కన్నా ఎంతో మేలైనదని అది హెచ్చరిస్తుంది.

ఆ సంఘటన వివరం సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంగా ఉంది. ఒక శుక్రవారం దైవప్రవక్త (స) సమక్షంలో ప్రజలు మస్జిద్‌లో ఉండగా ఆహార సామగ్రితో ఒక బిడారం మదీనాకు చేరింది. ఆ సవ్వడి విని జనం అటు కదిలిపోయారు. పన్నెండు మంది మాత్రమే మిగిలారు. అవి మదీనా వాసులకు కరువు రోజులని, ధరలు మండుతున్నాయని వ్యాఖ్యాతలు రాశారు. అంటే వెళ్ళినవారు తమాషా కోసం వెళ్ళినవారు మాత్రమే కారు. ఇంట్లో పిల్లలకు గింజలు కావలసినవారు. బిడారం ఒకసారి వచ్చి వెళితే మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆలస్యమైతే సరుకు అయిపోతుంది. అంతటి అవసరం ఉండి కూడా ఆ కదలికను అల్లాహ్ మందలించాడు.

సోదరులారా! ఆనాడు బిడారం రావాలంటే ఎడారులు దాటాలి. ఊరి పొలిమేరకు చేరాలి. అప్పుడు గానీ దాని సవ్వడి మస్జిద్‌లోకి వినబడదు. ఈనాడు ఆ బిడారాన్ని మనమే జేబులో పెట్టుకొని మస్జిద్‌లోకి తీసుకువస్తున్నాం. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయ ధర ఎంత పలికిందో చెప్పే కబురు అందులోనే వస్తుంది. చేపల చెరువు మీద మందు చల్లాలో వద్దో అడిగే పాలేరు అందులోనే పిలుస్తాడు. లారీ తాటిపాక సెంటరుకు వచ్చిందని డ్రైవరు అందులోనే చెబుతాడు. వర్తకమూ వినోదమూ రెండూ కలిసి అరచేతిలో ఇమిడిపోయాయి. ఆయతు హెచ్చరించిన రెండు వస్తువులూ ఒకే యంత్రంలో చేరాయి.

అయితే ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటి ఉంది. మదీనాకు వచ్చిన బిడారం ఎవరి కోసమూ ఆగేది కాదు. మన ఫోన్ ఆగుతుంది. ఎవరు పిలిచారో, ఎన్ని గంటలకు పిలిచారో, ఎన్నిసార్లు పిలిచారో తానే రాసిపెడుతుంది. సలాం చెప్పి బయటకు వచ్చాక మిస్డ్ కాల్ అక్కడే ఉంటుంది. పంపిన సందేశం అక్కడే ఉంటుంది. అవతలివాడి నంబరు ఎక్కడికీ పోదు. చేజారిపోయే సరుకు కోసం కదిలినవారినే అల్లాహ్ మందలించాడంటే, మన కోసం వేచి ఉండే పిలుపు కోసం నమాజ్‌ను చెదరగొట్టుకుంటున్న మనకు ఏ సాకు మిగిలింది?

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అంటే ఈ యంత్రం మన చేతికి వచ్చి ఇంకా ఒక తరమే అయింది. మన తాతల కాలంలో రాసిన ఫిఖ్‌హ్ గ్రంథాల్లో దీని పేరు ఉండదు. కానీ దీనికి వర్తించే సూత్రాలన్నీ దైవప్రవక్త (స) పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే మనకు బోధించి వెళ్ళారు.

మొదటి సూత్రం ఖుషూ, అంటే నమాజ్‌లో హృదయపు అణకువ. 23వ సూరా అల్ మూమినూన్ ఆరంభంలోనే సాఫల్యం పొందిన విశ్వాసుల తొలి లక్షణంగా అల్లాహ్ దీనినే పేర్కొన్నాడు. జకాత్ ప్రస్తావన, అమానతుల ప్రస్తావన, శీల రక్షణ ప్రస్తావన అన్నీ దాని తరువాతే వచ్చాయి. ఖుషూను కాపాడుకోవడానికి దైవప్రవక్త (స) ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. ఒకసారి వారు అంచుల్లో అల్లికలున్న దుప్పటి కప్పుకొని నమాజ్ చేశారు. నమాజ్‌లో చూపు ఆ అల్లికల మీద పడింది. నమాజ్ ముగియగానే ఆ దుప్పటిని దానిని కానుకగా ఇచ్చిన అబూ జహ్మ్ (రజి) వద్దకే తిప్పి పంపించి, బదులుగా ఏ అలంకారమూ లేని ముతక దుప్పటిని తెప్పించుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ఈ విషయాన్ని ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఆలోచించండి. ఆ దుప్పటి శబ్దం చేయలేదు. వెలుగు విరజిమ్మలేదు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అది హలాల్ వస్తువే, ప్రేమతో ఇచ్చిన కానుకే. అయినా మనసును ఒక్క క్షణం తనవైపు లాగినందుకు దానిని దూరం పెట్టారు. మరి మన ఫోన్ మోగుతుంది, వణుకుతుంది, వెలుగుతుంది. కొందరు సోదరులు ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి సజ్దా చేసే చోటికి ఎదురుగా, తెర పైకి కనబడేలా ఉంచుతారు. మోగదు, నిజమే. కానీ సందేశం వచ్చిన ప్రతిసారీ అది వెలుగుతుంది. రుకూలో ఉన్నవాడి చూపు దాని మీదనే వాలుతుంది. అలాగే చొక్కా జేబులో వణికే ఫోన్ పక్కవారికి వినబడకపోవచ్చు. గుండె మీద అది కొట్టే దెబ్బ మాత్రం నమాజీకి తెలుస్తూనే ఉంటుంది. ఎవరై ఉంటారు, ఎందుకు చేసి ఉంటారు అన్న ఆలోచన మొదలైతే, పెదవులు ఫాతిహా చదువుతూ ఉంటాయి, మనసు మాత్రం జేబులో ఉంటుంది. నమాజ్‌లో అటూ ఇటూ చూడటం గురించి హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు, అది దాసుని నమాజ్ నుంచి షైతాన్ లాక్కుపోయే దొంగ సొమ్మని దైవప్రవక్త (స) బదులిచ్చారు. దొంగ లోపలికి రావాలంటే ఒక తలుపు కావాలి. ఆ తలుపును మనమే తెరిచి పెట్టకూడదు.

రెండవ సూత్రం సాటి నమాజీ హక్కు. సోదరులారా, నా నమాజ్ నా ఇష్టం అని ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు కూడా అనలేము. జమాఅత్‌లో నిలబడినప్పుడైతే అసలే అనలేము. వెల్లుల్లి, ఉల్లి హలాల్ ఆహారమే. కానీ పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. కారణం, పక్కవారికి ఇబ్బంది. ఇంకొక సంఘటన అబూ దావూద్‌లో ఉంది. మస్జిద్‌లో కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పారాయణం చేస్తూ ఉంటే, దైవప్రవక్త (స) తెర తొలగించి, ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో విన్నవించుకుంటున్నప్పుడు ఒకరి గొంతు మరొకరికి ఆటంకం కాకూడదని బోధించారు. గమనించండి, అక్కడ వినబడుతున్నది అల్లాహ్ వాక్యం. దానినే తగ్గించి చదవమన్నారు. మరి సజ్దాలో తలలు వాల్చిన నూరు మంది మధ్య ఒక సినిమా పాట పల్లవి మోగితే ఆ నూరు మంది హక్కుకు ఏమి జవాబు చెబుతాం? అల్లాహ్ హక్కులో జరిగిన లోపానికి ఆయన వద్ద తౌబా చేసుకోవచ్చు. సాటి మనుషుల హక్కులో జరిగిన లోపానికి ఆ మనుషుల క్షమాపణ కూడా కావాలి. సలాం చెప్పాక వెళ్ళిపోయిన నూరు మందిని మనం ఎక్కడ వెతికి పట్టుకుంటాం?

కొందరు యువకులు ఒక ఉపాయం చెబుతారు. సినిమా పాట ఎందుకు, అజాన్‌నో ఖుర్ఆన్ ఆయతునో రింగ్‌టోన్‌గా పెట్టుకుంటే పోలేదా అంటారు. వారి ఉద్దేశం మంచిదే. అయితే ఫలితం ఆలోచించండి. ఆయతు సగంలో ఉండగా మనం బటన్ నొక్కి దానిని తెంచేస్తాం. ఫోన్ ఒక్కోసారి అపరిశుభ్రమైన చోట కూడా మోగుతుంది. అందుకే అల్లాహ్ వాక్యాన్ని పిలుపు గంటగా వాడవద్దని మన ఉలమాలు వారిస్తున్నారు. మామూలు గంట శబ్దం చాలు. మస్జిద్‌లో అదీ వద్దు.

మూడవ సూత్రం జుమా ఖుత్బాకు ప్రత్యేకమైనది. ఇమామ్ ఖుత్బా ఇస్తుండగా పక్కవాడితో మౌనంగా ఉండు అన్నా, ఆ అన్నవాడు వ్యర్థపు పని చేసినట్లేనని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. ముస్లింలోని మరొక హదీసు ప్రకారం ఖుత్బా వేళ గులకరాయిని తాకినవాడు సైతం వ్యర్థపు పని చేసినవాడే. ఆనాటి మస్జిద్‌లో నేల మీద గులకరాళ్ళు ఉండేవి. కూర్చున్నవాడి చేయి ఊరికే వాటితో ఆడుకునేది. ఈనాడు మన మస్జిద్‌లలో గులకరాళ్ళు లేవు, చలువరాళ్ళు ఉన్నాయి. కానీ చేతికి ఆడుకోవడానికి ఫోన్ ఉంది. ఖుత్బా జరుగుతూ ఉండగా వాట్సాప్ తెరిచి చూసేవాడు, మిన్బర్ వైపు ఫోన్ ఎత్తి వీడియో తీసి స్టేటస్ పెట్టేవాడు, తన చేతిలో ఉన్నది ఆ గులకరాయేనని తెలుసుకోవాలి. గులకరాయి మాట్లాడదు, ఇది మాట్లాడుతుంది. అంతే తేడా.

ఈ హదీసుల నుంచి ఒక ముఖ్యమైన విషయం బోధపడుతుంది. ఖుత్బా మొదలయ్యాక పక్కవాడి ఫోన్ మోగినా ఆపు అని నోటితో చెప్పే అనుమతి మనకు లేదు. నమాజ్ మొదలయ్యాక అసలే లేదు. అంటే తప్పు జరిగిన తరువాత దిద్దే దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలిన దారి ఒక్కటే. ముందే ఆపుకోవడం. ఆ బాధ్యత ఇమామ్‌ది కాదు, ముతవల్లీది కాదు, గోడ మీద కాగితానిది కాదు. ఎవరి జేబుకు వారే కావలి.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి మరచిపోతాం. మనిషి మరచేవాడే. నమాజ్ మధ్యలో ఫోన్ మోగితే ఏమి చేయాలి? చాలామంది సోదరులు చేయి కదిపితే నమాజ్ చెడిపోతుందన్న భయంతో కదలకుండా నిలబడతారు. ఫోన్ ఆగి ఆగి మూడుసార్లు మోగుతుంది. ఇది సరికాదు. నమాజ్‌లో అవసరమైన చిన్న కదలికకు అనుమతి ఉంది. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను భుజాన ఎత్తుకొని నమాజ్ చేయించారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు ఎత్తుకునేవారు. పామునో తేలునో నమాజ్‌లో ఉండగా కూడా చంపవచ్చని అనుమతించారు. కనుక ఒక చేత్తో జేబు పైనుంచే బటన్ నొక్కి శబ్దం ఆపవచ్చు. ఆపాలి కూడా. అయితే ఫోన్ బయటకు తీసి, పేరు చదివి, రెండు చేతులతో దానితో పని పెట్టుకోరాదు. దూరం నుంచి చూసినవాడు ఇతడు నమాజ్‌లో లేడు అనుకునేంత కదలికను హనఫీ ఫిఖ్‌హ్‌లో అమలె కసీర్ అంటారు. దానితో నమాజ్ భంగమవుతుంది. ఇంతకు మించిన వివరం కావలసినవారు ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.

ఇక అత్యవసరాల మాట. మౌల్వీ సాహెబ్, నిజంగా ప్రాణం మీదికి వచ్చే కబురు ఉంటే ఎలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన ప్రాంతంలో ఈ ప్రశ్నను ఎవరూ తేలికగా తీసుకోలేరు. 2014 జూన్ 27, అదీ శుక్రవారమే. తెల్లవారుజామున మన పక్కనున్న నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఉదయం ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మోగిన ప్రతి ఫోనూ, మావాళ్ళు బతికే ఉన్నారా అని అడిగిన ఫోనే. వెంటనే అందవలసిన కబురు అనేది ఒకటి ఉంటుందని మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

షరీఅత్ కూడా ఈ ఆందోళనను కాదనలేదు. దైవప్రవక్త (స) సుదీర్ఘంగా నమాజ్ చేయించాలని సంకల్పించి నిలబడేవారు. వెనుక సఫ్‌లలో పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజ్‌ను కుదించేవారు. తల్లిని తిట్టలేదు, బిడ్డను పంపివేయమనలేదు. కనుక ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో మనిషి ఉన్నవాడు, కాన్పుకు రోజులు నిండిన భార్య ఇంట ఉన్నవాడు, వైద్యుడు, అంబులెన్సు డ్రైవరు, గ్యాసు కేంద్రంలో భద్రతా విధుల్లో ఉన్నవాడు తన అవసరానికి ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఏర్పాటు ఇతరులకు ఇబ్బంది కానిదై ఉండాలి. చివరి సఫ్‌లో తలుపు దగ్గర నిలబడండి. ఫోన్ శబ్దం ఆపి వణుకు మాత్రం ఉంచండి. ఇప్పటి చాలా ఫోన్లలో అన్ని పిలుపులనూ ఆపి, ఎంచుకున్న ఒకటి రెండు నంబర్లకు మాత్రమే అనుమతి ఇచ్చే సౌకర్యం ఉంది. దానిని వాడుకోండి. లేదా ఇంటివారికి మస్జిద్ పక్క దుకాణం నంబరు ఇచ్చి రండి. అయితే మనతో మనం నిజాయితీగా ఉందాం. నిజమైన అత్యవసరం సంవత్సరంలో ఎన్నిసార్లు వస్తుంది? మోగిన ఫోన్లలో ఎన్ని అత్యవసరాలు, ఎన్ని లోను కావాలా అని అడిగే కంపెనీ పిలుపులు?

మన కోనసీమలో మస్జిద్‌లో మోగే ఫోన్లలో ఇంకొక రకం ఉంది. దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళలో ఎంతోమంది కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు కువైట్‌లో, ఖతర్‌లో, సౌదీలో, మస్కట్‌లో ఉన్నారు. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయినప్పుడు అక్కడ ఉదయం పదకొండు. అక్కడ శుక్రవారం సెలవు. వారమంతా ఎండలో పనిచేసిన పిల్లవాడు ఆలస్యంగా లేచి, స్నానం చేసి, తన జుమాకు బయలుదేరే ముందు అబ్బాతో నాలుగు మాటలు మాట్లాడదామని ఫోన్ చేస్తాడు. సరిగ్గా అదే సమయానికి ఇక్కడ అబ్బా సఫ్‌లో నిలబడి ఉంటాడు. ఆ పిలుపులో దురుద్దేశం లేదు, ప్రేమ ఉంది. అందుకే దానిని ఆపడం కష్టం. అందుకే చాలామంది పెద్దలు మనసొప్పక ఫోన్ తెరిచే ఉంచుతారు.

తండ్రులారా! మీ బిడ్డలకు ఒక్కసారి చెప్పండి. బేటా, శుక్రవారం నీకు పదిన్నర నుంచి పదకొండున్నర వరకు, అంటే మాకు ఒంటిగంట నుంచి రెండు వరకు ఫోన్ చేయకు. ఆ సమయంలో నేను అల్లాహ్ ముందు నిలబడి నీ కోసమే దుఆ చేస్తూ ఉంటాను, రెండు దాటాక నేనే చేస్తాను అని చెప్పండి. జుమా రోజున ఒక ఘడియ ఉందని, ఆ ఘడియలో దాసుడు అడిగిన మేలును అల్లాహ్ ప్రసాదిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. పరాయి దేశంలో ఉన్న బిడ్డకు ఆ ఘడియలో మీ నోటి మాట కావాలా, మీ దుఆ కావాలా? మీ దుఆ అతనికి ఎక్కువ పని చేస్తుంది, ఇన్‌షాఅల్లాహ్.

సోదరులారా, ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. ఎవరి ఫోనో మోగింది. సలాం చెప్పగానే సఫ్‌లోని తలలన్నీ అటు తిరుగుతాయి. ఒకరు కళ్ళెర్రజేస్తారు. ఒకరు గొంతెత్తి కాగితం కనబడటం లేదా అంటారు. మోగింది ఎవరి ఫోనో తెలుసా? చాలాసార్లు అది డెబ్బై ఏళ్ళ చాచాది. కొడుకు గల్ఫ్ నుంచి పంపిన ఫోన్. పచ్చ బటన్ నొక్కితే మాట వస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది, అంతవరకే ఆయనకు తెలుసు. నూరు మందిలో మాట పడ్డ ఆ పెద్దమనిషి మరుసటి శుక్రవారం రాకపోతే, ఆ తరువాతి శుక్రవారం కూడా రాకపోతే, ఫోన్ చేసిన నష్టం ఎంత, మన నోరు చేసిన నష్టం ఎంత?

దైవప్రవక్త (స) ఎలా ప్రవర్తించారో వినండి. ముఆవియా బిన్ హకం సులమీ (రజి) ఇస్లాంకు కొత్తవారు. నమాజ్‌లో ఎవరో తుమ్మితే నోటితో దుఆ పలికారు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు. నన్నెందుకు అలా చూస్తున్నారని ఆయన నమాజ్‌లోనే అన్నారు. నమాజ్ ముగిశాక దైవప్రవక్త (స) ఆయనను కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజ్‌లో మనుషుల మాటలు తగవని, అది అల్లాహ్ స్మరణకు, ఖుర్ఆన్ పారాయణానికి ఉద్దేశించినదని మెల్లగా వివరించారు. అంతకన్నా మంచి గురువును తాను ముందెన్నడూ చూడలేదు, తరువాతా చూడలేదని ఆ సహాబీ జీవితాంతం చెప్పుకున్నారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. మస్జిద్ నేలనే అపరిశుభ్రం చేసిన పల్లెవాసి మీదికి జనం లేవబోతే వారిని ఆపి, అతడిని వదిలి, ఆ చోట నీళ్ళు పోయించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం. ఫోన్ మోగినందుకు ఒక ముసలాయన కళ్ళలో నీళ్ళు తెప్పించడం మన సున్నత్ కాదు.

కనుక యువకులారా, ఇది మీ పని. కోపగించుకోవడం కాదు, నేర్పడం. వుజూ చేసే చోట పక్కన చాచా ఉంటే సలాం చేసి, చాచా, మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి, సైలెంట్ చేసి ఇస్తాను అని అడగండి. చాలా బటన్ ఫోన్లలో హాష్ గుర్తు మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే శబ్దం ఆగిపోతుంది. ఆయన వేలు పట్టి ఆ మీట చూపించండి. ఒకసారి కాదు, నాలుగు శుక్రవారాలు చూపించండి. ఐదో శుక్రవారం ఆయనే చేసుకుంటారు. ఆయన ప్రశాంతంగా చేసుకున్న ప్రతి నమాజ్‌లో మీకూ ప్రతిఫలం ఉంటుంది, ఇన్‌షాఅల్లాహ్.

ఇక అందరికీ వర్తించే కొన్ని నియమాలు చెబుతాను. ఫోన్ ఆపే చోటును నిర్ణయించుకోండి. సఫ్‌లో కాదు, చెప్పులు విడిచే చోట. చెప్పులు విప్పకుండా ఎవరూ లోపలికి రారు కదా. చేయి చెప్పుకు వంగినప్పుడే ఫోన్ గుర్తుకు రావాలి. అలవాటు అయ్యేదాకా కష్టం, అయ్యాక అదే జరిగిపోతుంది. సైలెంట్ చేసినా చాలా ఫోన్లలో అలారం మోగుతుందని మరవకండి. నమాజ్ వేళలు తెలిపే యాప్ కూడా ఒక్కోసారి జమాఅత్ మధ్యలో అజాన్ ఇస్తుంది. ఆ రెండూ చూసుకోండి. ఫోన్‌ను ఎదురుగా పెట్టుకోకండి. పెట్టక తప్పకపోతే తెర కిందికి ఉండేలా బోర్లించండి. చేతి గడియారం ఫోన్‌తో జతచేసినదైతే దానినీ నిద్రపుచ్చండి. ఇంట్లో నమాజ్ చేసుకునే మన తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఈ మాటలు చేరవేయండి. ముసల్లా పరిచే గదిలో ఫోన్ ఉంచవద్దని, ఆ పది నిమిషాలు పిల్లల చేతికి కూడా ఇవ్వవద్దని చెప్పండి.

మస్జిద్‌లో సిగ్నల్ రాకుండా చేసే జామర్ యంత్రం పెట్టించవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటి యంత్రాలు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. చట్టం అనుమతించినా మనకు అది వద్దు. పక్కింట్లో జబ్బుమనిషికి అంబులెన్సు పిలవవలసి వస్తే మన జామర్ వారికి అడ్డు అవుతుంది. అంతేకాక, సిగ్నల్ లేక మోగని ఫోన్‌కు ప్రతిఫలం ఏముంది? అల్లాహ్ కోసం మన వేలితో మనం ఆపినప్పుడే అది ఇబాదత్ అవుతుంది. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయి కదా!

పెట్రోలు బంకులో ఫోన్ వాడవద్దన్న బోర్డు చూసి జేబులో పెట్టుకుంటాం. పరీక్ష హాలుకు పిల్లలు ఫోన్ లేకుండా వెళతారు. న్యాయస్థానంలో జడ్జిగారి ముందు ఎవరి ఫోనైనా మోగితే ఆ మనిషి వణికిపోతాడు. మన పొరుగు హిందూ సోదరులు తిరుమల వెళ్ళినప్పుడు ఫోన్ బయట అప్పగించే దర్శనానికి నడుస్తారు. తమిళనాడు ఆలయాల్లో సెల్‌ఫోన్లు నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించింది. ఎవరి ఆరాధనాలయంలో వారు ఆ గౌరవం పాటిస్తున్నారు. మన వద్ద ఫోన్ అప్పగించమని ఎవరూ అడగరు. తలుపు దగ్గర కాపలాదారు ఉండడు. మన విశ్వాసాన్ని నమ్మి వదిలిపెట్టారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడం మన వంతు.

ఒక లెక్క వేసుకుందాం. రోజుకు 1,440 నిమిషాలు. ఐదు పూటలకు పూటకు పదిహేను నిమిషాల చొప్పున తీసినా నమాజ్‌కు పట్టేది 75 నిమిషాలు. మిగిలిన 1,365 నిమిషాలూ ఫోన్‌వే. అవి తీసుకోవద్దని షరీఅత్ అనలేదు. నమాజ్ ముగియగానే మీ జీవనోపాధి వెతుక్కోండని అల్లాహ్‌యే అనుమతించాడు. ఆ 75 నిమిషాలు మాత్రం ఆయనవి. తక్బీర్ చెబుతూ చేతులు చెవుల దాకా ఎత్తుతామే, ఆ చేతులతో ప్రపంచాన్ని వెనుకకు తోసేస్తున్నాం అన్నది దాని భావం. వెనుకకు తోసినది జేబులోంచి మళ్ళీ పిలుస్తూ ఉంటే ఆ తక్బీర్ సగంలోనే ఆగిపోయినట్లు. అల్లాహు అక్బర్ అంటే అల్లాహ్ అందరికన్నా గొప్పవాడు అని. ఫోన్ చేసినవాడు ఎవరైనా సరే, వాడికన్నా కూడా.

సలాం చెప్పగానే జేబులోకి చేయి పోనివ్వకండి. ముందు తస్బీహ్ చదవండి. 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హందులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్. రెండు నిమిషాలు పడుతుంది. దుఆ చేసుకోండి. తరువాత బయటకు వెళ్ళి, చెప్పులు వేసుకున్న చోట ఫోన్‌కు మళ్ళీ నోరు ఇవ్వండి. మొదటి పిలుపు కువైట్‌లో ఉన్న కొడుక్కు చేయండి. అంబాజీపేట ధర ఆ తరువాత అడగండి.

ఓ అల్లాహ్! మా నమాజ్‌లలో మాకు ఖుషూ ప్రసాదించు. మా వల్ల ఏ సోదరుని నమాజ్ చెదిరిందో ఆ సోదరుని హృదయంలో మా పట్ల క్షమాగుణం కలిగించు. మరచేవారిపై కోపాన్ని మా నాలుకల నుంచి తొలగించు. పరాయి దేశాల్లో చెమటోడ్చుతున్న మా బిడ్డలను ఆరోగ్యంతో, ఈమాన్‌తో, క్షేమంగా మా ఇళ్ళకు చేర్చు. నాగరికత పేరుతో మా చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ మాకు సేవకునిగా ఉంచు, యజమానిగా మార్చకు. నీ గృహాన్ని ప్రశాంతతతో నింపు. నీ పిలుపు వినబడినప్పుడు మిగిలిన పిలుపులన్నింటినీ పక్కన పెట్టగలిగేవారిగా మమ్మల్ని తీర్చిదిద్దు.

ఆమీన్. యా రబ్బల్ ఆలమీన్.